గుర్రమునకు భ్రమ యుండదా? — అయస్కాంత చికిత్సపై ఒక విమర్శ

అయస్కాంతము ఇనుమును ఆకర్షించును. ఈ సంగతి ఆరవ తరగతి బాలునికి కూడ తెలియును. రక్తములో ఇనుము కలదు. ఇదియు పాఠ్యపుస్తకములలో ఉన్నదే. ఈ రెండు వాక్యములను పక్కపక్కన నిలిపినచో, "కావున అయస్కాంతమును శరీరమునకు కట్టినచో రక్తము అచటికి చేరును, నొప్పి తగ్గును" అను మూడవ వాక్యము ఎంతో సహజముగా తోచును. ఈ మూడవ వాక్యముపై నేడు పెద్ద వ్యాపారమే నడచుచున్నది. మనుష్యులకు కంకణములు, మోకాటి పట్టీలు, పరుపులు. గుర్రములకు కాలిపట్టీలు, డెక్క తొడుగులు, వీపుపై కప్పు దుప్పట్లు. ఐరోపా, అమెరికా దేశములలో ముసలి గుర్రములను పెంచుకొనువారు అనేకులు తమ గుర్రముల కీళ్ళ బిగువు తగ్గునను ఆశతో వీటిని కొనుచున్నారు.

ఒకనాడు తరగతిలో అయస్కాంతత్వము చెప్పుచు ఈ ప్రస్తావన తెచ్చితిని. ఇట్టి వస్తువుల వలన కలుగు ఉపశమనము చాలవరకు నమ్మకము వలన కలుగునదే యని చెప్పితిని. వెనుక వరుసలోని విద్యార్థి యొకడు లేచి, "నమ్మకమే మందు అయినచో గుర్రమునకు నమ్మకమెక్కడిదండీ? అది ప్రకటన చదువలేదు గదా!" అని అడిగెను. తరగతి యంతయు నవ్వినది. నేనును నవ్వితిని గాని, ఆ పూట నాకు సరియైన సమాధానము తోచలేదు. ఈ వ్యాసము ఆ విద్యార్థికి ఆలస్యముగా ఇచ్చుచున్న సమాధానము. అతని ప్రశ్న చిన్నది కాదు. అయస్కాంత చికిత్సను సమర్థించువారి చేతిలోని బలమైన వాదము కూడ అదే.

ముసలి గుర్రపు కీళ్ళు

గుర్రము సాధారణముగా 25 నుండి 30 ఏండ్లు బ్రతుకును. 15 ఏండ్లు దాటినచో వయసు మళ్ళినదిగా లెక్కింతురు. పెద్ద గుర్రపు బరువు సుమారు 500 కిలోగ్రాములు. నిలిచియున్నపుడు అందులో 60 శాతము వరకు ముందుకాళ్ళపైననే పడును. దౌడు తీయునపుడు ఒక్కొక్క అడుగులో ఒంటికాలిపై శరీరపు బరువును మించిన ఒత్తిడి కలుగును. ఇట్లు ఏండ్ల తరబడి జరిగిన పిదప కీళ్ళలో ఎముకల కొనలను కప్పియుండు మృదులాస్థి అరిగిపోవును. కీలు చుట్టునున్న పొర వాచును. ఎముకల అంచులందు కొత్త ఎముక మొలచును. మనుష్యులలో మోకాళ్ళ అరుగుదల యని మనము చెప్పుకొను జబ్బే ఇది.

తాతగారు ఉదయమున మంచము దిగి నాలుగడుగులు వేయువరకు మోకాళ్ళు సాగక బాధపడినట్లే, ముసలి గుర్రము కూడ రాత్రియంతయు శాలలో నిలిచి, తెల్లవారి బయటకు వచ్చునపుడు కురచ అడుగులు వేయును. కొంతదూరము నడచిన తరువాత కాళ్ళు సాగును. చలిదినములలో బాధ హెచ్చు, వెచ్చని దినములలో తక్కువ. ఒక వారము బాగుగా నుండును, మరొక వారము కుంటును. ఈ హెచ్చుతగ్గులను పాఠకులు జ్ఞాపకముంచుకొనవలెను. ముందు వీటితో పని కలదు.

అరిగిన మృదులాస్థిని తిరిగి మొలిపించు మందు లేదు. నొప్పిని, వాపును తగ్గించు మందులున్నవి. వాటిలో ఫినైల్‌బ్యూటజోన్ అనునది గుర్రములకు చాలకాలముగా వాడుకలో నున్నది. కాని దానిని ఎక్కువ మోతాదులో, ఎక్కువ కాలము వాడినచో కడుపులో పుండ్లు పడవచ్చును, మూత్రపిండములు చెడవచ్చును. కనుక, ఇరువది యేండ్లు తనను మోసిన జంతువును ప్రేమించు యజమాని, "మందు లేదు, సూది లేదు, హాని లేదు" అని చెప్పు పట్టీవైపు చూచుటలో వింత లేదు. అతనిని మూఢుడని పరిహసించుట సులభము, కాని న్యాయము కాదు. అతనికి చెప్పబడిన మాటలు నిజమా, కాదా యని పరీక్షించుటయే మన పని.

రక్తములోని ఇనుము ఎట్టిది?

మొదట ఇనుము సంగతి చూతము. 500 కిలోగ్రాముల గుర్రములో సుమారు 40 లీటర్ల రక్తముండును. లీటరునకు 130 గ్రాముల చొప్పున హిమోగ్లోబిన్ ఉన్నదనుకొన్నచో మొత్తము 5,200 గ్రాములు. ప్రతి గ్రాము హిమోగ్లోబిన్‌లో ఇనుము 3.4 మిల్లీగ్రాములు. గుణించి చూచినచో గుర్రపు రక్తమంతటిలోని ఇనుము సుమారు 18 గ్రాములు మాత్రమే. ఒకటి రెండు పెద్ద మేకుల బరువు! అయినను పరిమాణము తక్కువ యనుట ఇక్కడ ముఖ్యమైన విషయము కాదు. ఆ ఇనుము ఏ స్థితిలో నున్నదనునదే ముఖ్యము.

మేకులో ఇనుప పరమాణువులు కోటానుకోట్లుగా పక్కపక్కన చేరియుండి, ఒక దాని అయస్కాంత దిశను మరొకటి బలపరచుచు, గుంపులు గుంపులుగా ఒకే దిక్కునకు తిరుగగలవు. మేకు అయస్కాంతమునకు అంటుకొనుట ఈ సామూహిక ప్రవర్తన వలననే. హిమోగ్లోబిన్‌లో అట్లు కాదు. ఒక్కొక్క అణువులో నాలుగే ఇనుప పరమాణువులు, అవియు ఒకదానికొకటి దూరముగా వేర్వేరు గదులలో బంధింపబడియున్నవి. గుంపు లేదు, సామూహిక ప్రవర్తన లేదు.

మైకేల్ ఫారడే 1845లోనే ఎండిన రక్తమును అయస్కాంతము వద్ద పరీక్షించి, అది ఆకర్షింపబడుట లేదని గమనించెను. 1936లో లైనస్ పౌలింగ్, చార్లెస్ కొరియెల్ అను శాస్త్రజ్ఞులు ఈ విషయమును పూర్తిగా తేల్చిరి. ప్రాణవాయువుతో కూడిన హిమోగ్లోబిన్‌ను అయస్కాంతము ఆకర్షింపదు సరికదా, అతి స్వల్పముగా వికర్షించును. ప్రాణవాయువును విడిచిన హిమోగ్లోబిన్ మాత్రము అతి స్వల్పముగా ఆకర్షింపబడును. అనగా, ఇనుము మాట నిజమే యనుకొన్నను, అయస్కాంతము కొంచెము మక్కువ చూపునది మంచి రక్తముపై కాదు, వాడిన రక్తముపైన!

శరీరములో అధిక భాగమైన నీరు కూడ అయస్కాంతమును స్వల్పముగా వికర్షించు పదార్థమే. 1997లో నెదర్లండ్స్ దేశమందలి నైమేగన్‌లో ఆంద్రే గైమ్ మొదలగువారు బ్రతికియున్న ఒక చిన్న కప్పను అయస్కాంత క్షేత్రములో గాలిలో తేలించిరి. కప్పను పైకి నెట్టినది ఈ వికర్షణయే. కాని అందుకు కావలసివచ్చిన క్షేత్రము సుమారు 16 టెస్లాలు, అనగా 1,60,000 గౌస్. గుర్రపు పట్టీలలోని బిళ్ళల క్షేత్రము ఉపరితలము వద్ద వందలలోనో, కొన్ని వేలలోనో ఉండును.

ఒక్క సాధారణ దృష్టాంతము చాలును. ఎమ్.ఆర్.ఐ. యంత్రములో రోగి పండుకొను క్షేత్రము 1.5 లేక 3 టెస్లాలు, అనగా 15,000 లేక 30,000 గౌస్. రక్తములోని ఇనుమును అయస్కాంతము లాగునదైనచో ఆ రోగి ప్రాణములతో బయటపడునా? గుర్రములకు కూడ ఇట్టి యంత్రములు కలవు. నిలిచియున్న గుర్రపు కాలిని పరీక్షించు యంత్రములోని క్షేత్రము 0.27 టెస్లా, అనగా 2,700 గౌస్. పట్టీలను మించిన ఈ క్షేత్రములో గుర్రము చాలసేపు నిలిచియుండును. పశువైద్యులు దానిని జబ్బు కనుగొనుటకే వాడుచున్నారు గాని, కుదుర్చుటకు కాదు.

ఇంకొక తర్కదోషము కలదు. రక్తము లాగబడుట వేరు, రక్తప్రసరణ హెచ్చుట వేరు. ప్రసరణ యనగా రక్తము వచ్చుటయేకాక పోవుట కూడ. నిజముగా అయస్కాంతము రక్తమును పట్టి ఉంచినచో అచట రక్తము గడ్డకట్టును గాని కీలు బాగుపడదు. ప్రకటనలలోని వాక్యము తనను తానే ఖండించుకొనుచున్నది.

దూరము చేయు పని

ప్రకటనలలో "ఇన్ని వేల గౌస్" అను సంఖ్య పెద్ద అక్షరములతో ఉండును. ఆ సంఖ్య బిళ్ళ ఉపరితలము వద్దిదో, ఒక్కొక్కపుడు బిళ్ళ లోపలి పదార్థమునకు సంబంధించినదో అయియుండును. కీలు వద్ద ఎంత యను ప్రశ్నకు సమాధానముండదు.

2 సెంటీమీటర్ల వ్యాసము, 5 మిల్లీమీటర్ల మందము గల మంచి నియోడిమియమ్ బిళ్ళను తీసికొందము. లెక్కకట్టి చూచినచో దాని మధ్యభాగమున, ఉపరితలము వద్ద క్షేత్రము సుమారు 2,700 గౌస్. 2 సెంటీమీటర్ల దూరమున సుమారు 200. 5 సెంటీమీటర్ల దూరమున 20. 10 సెంటీమీటర్ల దూరమున 3 గౌస్ మాత్రమే. దూరము రెట్టింపైనచో, బిళ్ళకు దూరముగా నున్నచోట్ల, క్షేత్రము ఎనిమిదవ వంతునకు పడిపోవును. ఉత్తర దక్షిణ ధ్రువములను పక్కపక్కన మార్చి మార్చి కూర్చిన పట్టీలలో ఈ తరుగుదల ఇంకను వేగముగా నుండును.

ఇచట న్యాయముగా ఒక మాట చెప్పవలెను. గుర్రపు కాలి క్రింది కీళ్ళపై కండ లేదు. చర్మము, స్నాయువులు మాత్రమే కలవు. అచటికి క్షేత్రము కొంత చేరుట నిజమే. కాని వీపుపై కప్పు దుప్పటి సంగతి అట్లు కాదు. నడుమునకు, తుంటికి నడుమనున్న కీలు దళసరి కండలకు అడుగున, పది సెంటీమీటర్లను మించిన లోతున నుండును. దానికి చేరు క్షేత్రము, నిత్యము మనపై ఉండు భూమి యొక్క సుమారు అర గౌస్ క్షేత్రమునకు కొలది రెట్లు మాత్రమే.

ప్రయోగములు చెప్పిన మాట

సిద్ధాంతము చేత మాత్రమే ఏ చికిత్సనైనను కొట్టివేయుట శాస్త్రీయము కాదు. పక్షులు కొన్ని భూక్షేత్రమును గుర్తించి దారి తెలిసికొనుచున్నవి. జీవకణముపై అయస్కాంతము పనిచేయు మార్గము మనకు తెలియనిది ఏదైన ఉండవచ్చును. ఇనుము మాట తప్పైనను పట్టీ పనిచేయవచ్చును. కనుక ప్రయోగమునే అడుగవలెను.

1994లో జరిగిన ఒక పరిశీలన, అయస్కాంతము కట్టిన గుర్రపు కాలిలో రక్తప్రసరణ హెచ్చినదని చెప్పెను. అమ్మకపువారు ఈ పరిశీలనను మరువరు. తరువాతివాటిని మాత్రము మరచుచుందురు. 2000లో కొలరాడో రాష్ట్ర విశ్వవిద్యాలయమువారు ఇదే విషయమును మరల పరీక్షించిరి. గుర్రపు ముందుకాళ్ళలో ఒక దానికి అయస్కాంత పట్టీని, రెండవదానికి అయస్కాంతము లేని అట్టి పట్టీనే కట్టిరి. రక్తకణములకు స్వల్పమైన రేడియోధార్మిక గుర్తు చేర్చి, కాలిలోని రక్తమును కెమెరాతో కొలిచిరి. రెండు కాళ్ళకును గణింపదగిన భేదము కనబడలేదు.

2015లో స్వీడన్ దేశపు పరిశోధకులు దుప్పటి సంగతి చూచిరి. పది ఆరోగ్యవంతమైన గుర్రములకు ఒకమారు అయస్కాంతములున్న దుప్పటి, మరొకమారు అవి లేని దుప్పటి కప్పిరి. వీపు కండలలో రక్తప్రసరణను, చర్మపు ఉష్ణోగ్రతను, కండల బిగువును కొలిచిరి. రెండు దుప్పట్లకును భేదము లేదు. కాని చర్మపు వేడి రెండింటి క్రిందను హెచ్చినది. ఈ ఒక్క ఫలితము ఎంతో బోధించును. దుప్పటి కప్పిన గుర్రమునకు వీపు వెచ్చబడుట నిజము. ఆ వెచ్చదనము అయస్కాంతము ఇచ్చినది కాదు, దుప్పటి ఇచ్చినది. యజమాని చేయిపెట్టి చూచి, "వెచ్చగా నున్నది, పనిచేయుచున్నది" అని అనుకొనును. అతని చేయి అబద్ధమాడలేదు. కారణము మాత్రము తప్పు చెప్పుకొనెను.

ఈ ప్రయోగములు ఆరోగ్యవంతమైన గుర్రములపై జరిగినవనియు, కొలది గుర్రములపై జరిగినవనియు ఒప్పుకొనవలెను. ముసలి గుర్రపు నొప్పి తగ్గదని ఇవి నేరుగా రుజువు చేయలేదు. కాని అమ్మకపువారు చెప్పు కారణము రక్తప్రసరణయే గదా! ఆ కారణమునకు ఆధారము నిలువలేదు.

మనుష్యుల సంగతి కూడ కొంత మిశ్రమమే. 2004లో ఇంగ్లండులో తుంటి, మోకాలు అరిగిన 194 మంది రోగులపై జరిగిన పరీక్షలో, బలమైన అయస్కాంత కంకణము ధరించినవారు ఉత్తుత్తి కంకణము ధరించినవారికంటె కొంత మెరుగని చెప్పిరి. కాని అయస్కాంతమును దాచుట కష్టము. ఒక గుండుసూది, తాళపుచెవి చాలును, తన కంకణమేదో రోగికి తెలిసిపోవును. ఆ మెరుగు అయస్కాంతముదా, ఆ తెలివిడిదా యని పరిశోధకులే సందేహించిరి. 2007లో అప్పటివరకు జరిగిన పరీక్షలన్నింటిని కూర్చి చూచిన సమీక్ష, నొప్పికి స్థిర అయస్కాంతములు పనిచేయునను మాటకు ఆధారము లేదనియు, కీళ్ళ అరుగుదల విషయమున మాత్రము తుదిమాట చెప్పుటకు ఇంకను పరీక్షలు కావలెననియు నిర్ణయించెను.

చూచువాని కన్ను

ఇపుడు నా విద్యార్థి ప్రశ్నకు వత్తము. గుర్రమునకు నమ్మకము లేదు. కాని, "నాకు తగ్గినది" అని చెప్పునది గుర్రమా? కాదు. చెప్పునది యజమాని. గుర్రము ప్రకటన చదువలేదు, నిజమే. కాని గుర్రపు నడకను చదువువాడు ప్రకటనను కూడ చదివియున్నాడు.

ఈ వాదము కొత్తది కాదు. 1796లో అమెరికాలో ఎలిషా పెర్కిన్స్ అను వైద్యుడు రెండు చిన్న లోహపు కడ్డీలకు పేటెంటు పొందెను. నొప్పియున్న చోట వాటితో రాచినచో నొప్పి పోవునని అతని ప్రచారము. ఇది ఊహ వలన కలుగు ఉపశమనమేయని విమర్శ రాగా, పసిపాపలకు, గుర్రములకు కూడ గుణమిచ్చినదని అతని పక్షమువారు చెప్పిరి. మన విద్యార్థి వాదమే! 1799లో ఇంగ్లండులోని బాత్ నగరమున జాన్ హేగార్త్ అను వైద్యుడు లోహపు కడ్డీలవలె కనబడునట్లు రంగు వేసిన కొయ్య కడ్డీలు చేయించెను. వాతరోగులు అయిదుగురిపై వాటిని ప్రయోగించగా నలుగురు ఉపశమనము కలిగినదనిరి. మరునాడు నిజమైన కడ్డీలతో రాచినను ఫలితమదే.

గుర్రమును చూచువాని కన్ను ఎట్లు మోసపోవునో తెలుపు మరియొక కథ బెర్లిన్ నగరమునది. అచట ఫాన్ ఓస్టెన్ అను విశ్రాంత ఉపాధ్యాయుడు హాన్స్ అను గుర్రమునకు లెక్కలు నేర్పెను. ప్రశ్న అడిగినచో హాన్స్ సరియైనన్ని మారులు డెక్కతో నేల తట్టెడిది. 1904లో పండితుల సంఘము వచ్చి చూచి, మోసమేమియు లేదని చెప్పెను. పిమ్మట ఆస్కర్ ఫుంగ్‌స్ట్ అను పరిశోధకుడు ఒక చిన్న మార్పు చేసెను. ప్రశ్న అడుగువానికే జవాబు తెలియకుండ చేసెను. అంతట హాన్స్ దాదాపు లెక్కలన్నియు తప్పెను! తట్టులు సరియైన సంఖ్యకు చేరగానే అడుగువాని తల తెలియకుండనే కొంచెము కదలెడిది. గుర్రము దానిని చూచి ఆగెడిది. ఓస్టెన్ మోసగాడు కాడు. తన తల కదలుచున్నదని అతనికే తెలియదు. ఫుంగ్‌స్ట్ ఈ వివరములను 1907లో ప్రకటించెను.

గుర్రపు కుంటు చూచుటలో కూడ ఇట్టి బలహీనతయే కలదు. 2010లో ప్రకటింపబడిన ఒక పరిశీలనలో 131 గుర్రములను అనుభవజ్ఞులైన పశువైద్యులు వేర్వేరుగా పరీక్షించిరి. కుంటు స్పష్టముగా నున్నపుడు నూటికి 93 పర్యాయములు వారు ఏకీభవించిరి. కుంటు స్వల్పముగా నున్నపుడు ఏకీభవించినది నూటికి 62 పర్యాయములే. కాసును ఎగురవేసి బొమ్మయో బొరుసో చెప్పినను ఇద్దరి మాట నూటికి 50 పర్యాయములు కలియును గదా! ముసలి గుర్రపు ఉదయపు బిగువు ఈ స్వల్ప జాతిలోనిదే.

2012లో కీళ్ళ అరుగుదల గల కుక్కలపై జరిగిన మరొక పరిశీలన ఇంకను విశదము. ఉత్తుత్తి మందు ఇచ్చిన కుక్కల నడకను, అడుగుతో నేలపై పడు బలమును కొలుచు పలకపై నడిపించి తూచిరి. పలక మార్పు లేదని చెప్పుచుండగనే, యజమానులు, వైద్యులు కూడ నూటికి సుమారు 40 పర్యాయములు కుక్క మెరుగైనదని చెప్పిరి. కుక్కకు భ్రమ లేదు. భ్రమ దానిని ప్రేమించువారిది. చదువు, అనుభవము ఉన్న వైద్యుడు కూడ దానికి అతీతుడు కాడు.

దీనికి తోడు, మొదట చెప్పిన హెచ్చుతగ్గులు. యజమాని పట్టీని ఎపుడు కొనును? గుర్రము మిక్కిలి కుంటిన వారమున. ఆ తరువాతి వారము ఏమి చేసినను, చేయకున్నను, కొంత తగ్గుటయే సహజము. చలికాలపు చివర కొన్న పట్టీకి ఎండకాలము కీర్తి తెచ్చును. పట్టీ కొన్న ఉత్సాహముతో యజమాని గుర్రమును దినమునకు రెండుమారులు నడిపించును. నడక కీళ్ళకు మంచిది. ఆ మేలు కూడ పట్టీ ఖాతాలోనే పడును.

స్పందించు క్షేత్రములు

స్థిర అయస్కాంతములకును, విద్యుత్తుతో నడచు స్పందన క్షేత్ర యంత్రములకును భేదము కలదు. రెండింటిని ఒకే పేరుతో పిలుచుట వలన గందరగోళము కలుగుచున్నది. క్షేత్రము కాలముతో మారుచున్నపుడు, ఫారడే నియమము ప్రకారము, ధాతువులలో స్వల్ప విద్యుత్ప్రవాహము పుట్టును. స్థిర అయస్కాంతము కట్టి నిలిచియున్న కాలిలో ఇట్టిది పుట్టదు. అతుకని ఎముకలను అతికించుటకు ఇట్టి యంత్రములను మనుష్యులకు వాడుటకు అమెరికా ప్రభుత్వము 1979లో అనుమతినిచ్చెను. ఇది నిజమైన చరిత్ర. కాని ఎముక అతుకు వేరు, ముసలి కీలు వేరు. 2014లో ఇరువది పోలో గుర్రముల వీపునొప్పిపై, ఎవరికి ఏది జరిగినదో పరీక్షించువారికి తెలియనివిధముగా ఇట్టి క్షేత్రమును పరీక్షింపగా, ఉత్తుత్తి చికిత్సకంటె మేలు కనబడలేదు. ఒక యంత్రమునకు ఒకచోట లభించిన అనుమతిని, మరొక వస్తువునకు మరొకచోట అరువు తెచ్చుకొనరాదు.

నష్టమేమి?

"పనిచేయకున్నను హాని లేదు గదా, కట్టనిండు" అని కొందరందురు. పట్టీలో హాని లేకపోవచ్చును. పట్టీ కట్టి ఊరకుండుటలో కలదు. ముసలి గుర్రము కురచ అడుగులు వేయుటకు కీళ్ళ అరుగుదల యొక్కటే కారణము కాదు. డెక్క లోపల చీము పట్టియుండవచ్చును. లామినైటిస్ అను డెక్క లోపలి పొరల వాపు కావచ్చును. వయసు మళ్ళిన గుర్రములలో మెదడు క్రిందనున్న పిట్యూటరీ గ్రంథి చెడుటవలన ఈ వాపు తరచుగా వచ్చును. దానిని త్వరగా గుర్తించి చికిత్స చేయనిచో డెక్కలోని ఎముక స్థానము తప్పును. అపుడు గుర్రమును బ్రతికించుటయే కష్టము. "బిగువు తగ్గుచున్నది" అని యజమాని సంతోషించుచున్న ఆ వారములలో గుర్రము మౌనముగా బాధపడుచుండవచ్చును. గుర్రము వేటాడబడు జంతువుల జాతిది. నొప్పిని దాచుట దాని స్వభావము. నోరులేని రోగి విషయమున చూచువాడు పొరపడినచో ఆ పొరపాటును సరిదిద్దు మరొక నోరు లేదు.

మరి చేయదగినదేమి? అదియు రహస్యము కాదు. మొదట పశువైద్యునిచే కారణము తెలిసికొనవలెను. గుర్రమును శాలలో బంధింపక వీలైనంతసేపు మెల్లగా తిరుగనీయవలెను. బరువు పెరుగనీయరాదు. డెక్కలను వేళకు చెక్కించి, లాడములను సరిచేయింపవలెను. పనికి ముందు కొంతసేపు నడిపించి కీళ్ళను సాగనీయవలెను. చలిలో వీపుపై దుప్పటి కప్పవచ్చును. సాదా దుప్పటి చాలును. అవసరమైనచో వైద్యుడు చెప్పిన మోతాదులో మందు ఈయవలెను. ఇవి ప్రకటనలకు ఎక్కు విషయములు కావు గనుక వీటికి ఆకర్షణ తక్కువ.

తరగతిలో ఒక పరీక్ష

ఉపాధ్యాయులు ఈ పాఠమును గుర్రము లేకుండగనే చెప్పవచ్చును. ఒకే పరిమాణము, ఒకే బరువు గల బిళ్ళలను ఇరువదింటిని తెండు. పది అయస్కాంతములు, పది అయస్కాంతింపబడని ఉక్కు బిళ్ళలు. వాటిని ఒకే రకపు గుడ్డ పట్టీలలో కుట్టించి సంఖ్యలు వేయుడు. ఏ సంఖ్య ఏదియో వ్రాసిన కాగితము తరగతికి రాని మరొక ఉపాధ్యాయుని వద్ద నుండవలెను. పట్టీలను పంచువానికి కూడ అది తెలియరాదు. గుండుసూదులు, దిక్సూచులు, తాళపుచెవులు దూరముగా నుంచి, ఇరువదిమంది విద్యార్థులు పట్టీలను ఒక గంటసేపు ఒకరికొకరు దూరముగా కూర్చుండి మణికట్టునకు కట్టుకొనవలెను. పిదప "వెచ్చదనము కలిగెనా? చేయి తేలికయైనదా?" అను ప్రశ్నలకు జవాబులు వ్రాసి ఈయవలెను. జవాబులన్నియు చేతికి వచ్చిన తరువాతనే కాగితము విప్పవలెను. ఉక్కు బిళ్ళ కట్టుకొన్నవారిలో కూడ కొందరు వెచ్చదనము కలిగినదని వ్రాయుదురని నా ఊహ. అట్లు వ్రాసినవారిని ఎవరును నవ్వరాదు. వారు అబద్ధము చెప్పలేదు. హేగార్త్ రోగులు, ఓస్టెన్, స్వీడన్ దుప్పటిపై చేయిపెట్టు యజమాని, వీరెవ్వరును అబద్ధము చెప్పినవారు కారు.

మనము నిజాయితీపరులమైనంత మాత్రమున మన కన్ను నిజము చెప్పదు. అందుచేతనే శాస్త్రము కన్నులకు గంతలు కట్టుకొని చూచు పద్ధతిని కనిపెట్టినది. నా విద్యార్థి అడిగిన ప్రశ్నలో సగము సరియైనదే. గుర్రమునకు భ్రమ యుండదు. కనుకనే అది ఎట్లు నడచుచున్నదో గుర్రము చెప్పుచున్నట్లుగానే, మన కోరిక కలియకుండ, మనము తెలిసికొనవలెను.